గిలక బుట్టలో కాగితాలు

చిరంజీవి తమ్ముడికి, అక్క గుండె నిండా దీవెనలతో రాస్తున్న ఉత్తరం.

ఇంటి దగ్గర అందరం క్షేమం. బావ, అత్తయ్య, పిల్ల బాగున్నారు. నీ క్షేమం తెలియజెయ్యమని రాయాల్సిన చోట ఈసారి చెయ్యి ఆగిపోయింది. అలా రాసి, పోస్టులో వేసి, జవాబు కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు. అందుకే వచ్చేశాను. మీ బిల్డింగు గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో అట్టపెట్టె పెట్టుకుని రాస్తున్నాను. ఇందాక "తమ్ముడూ" అని కేకలు పెట్టింది నేనే. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. నీ కిటికీ వెనకవైపు ఉందట, నీకు వినపడిందో లేదో.

గేటుకి అడ్డంగా రిబ్బను కట్టేశారు. బిల్డింగులో జబ్బు పడినవాళ్ళు ఎక్కువయ్యారని లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదట. లిఫ్టు కూడా ఆపేశారు. వాచ్‌మన్ని బతిమాలాను, బెదిరించాను, ఆఖరికి బ్రెడ్డు కూడా ఇవ్వబోయాను. "మీరు మంచివారేనమ్మా, కానీ నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. బ్రెడ్డు మాత్రం తీసుకున్నాడు. ఆరోగ్య శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. సాయంత్రంలోపు ఒక నర్సు వస్తుందట, ఒళ్ళంతా కప్పే ఆ తెల్ల సూటు నాకూ ఒకటి తెస్తుందట. అప్పుడు ఇద్దరం పైకి వస్తాం.

ఈలోగా ఈ కాగితాలు వస్తాయి. లాక్‌డౌన్ మొదట్లో మీ ఎదురింటి లెక్కల మేడమ్‌కి బాల్కనీలోంచి కూరగాయలు లాక్కోవడానికి గిలక బుట్ట బిగించి ఇచ్చావట కదా. "మీ లిఫ్టు కంటే ఇదే నయం మేడమ్, కరెంటు కూడా అక్కర్లేదు" అన్నావట. ఆ బుట్టలోనే నేను రాసిన కాగితం రాసినట్టు పైకి పంపిస్తున్నాను. మేడమ్ దాన్ని నీ తలుపు కింద నుంచి తోస్తారు. ఆవిడ నీ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ చప్పుడుకి కంగారుపడకు. తలుపు పగలగొట్టించమంటారా అని వాచ్‌మన్ అడిగాడు. లోపల నువ్వు నడుస్తున్న చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు వినిపిస్తున్నాయని మేడమ్ చెప్పారు కాబట్టి వద్దన్నాను. ఇంకో కారణం కూడా ఉంది, అది తరువాత రాస్తాను.

ఇది బుట్టలో వేస్తున్నాను. ఇంకో కాగితం అందుకుంటున్నాను.

*

మేడమ్ బాల్కనీలోంచి వంగి చెప్పారు, మొదటి కాగితం లోపలికి పోయిందని. ఆవిడ సగమే తోశారట, మిగతా సగం నువ్వు లాక్కున్నావట. చదువుతున్నావన్నమాట. చదువు. చేతిరాత బాగుండకపోతే సర్దుకో. కేకుల మీద క్రీముతో పేర్లు రాసే చేతికి పెన్ను పట్టుకోవడం మొదటినుంచీ కొత్తే.

నిన్న పనిముట్ల పెట్టెతోపాటు వచ్చిన నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు చెప్తాను. పిల్ల సైకిలు చెయిను బావ బిగించాడా అని అడిగావు. బిగించాడు. అప్పటినుంచి తొక్కుతుంటే సైకిలు కోడిపిల్లని ఎవరో పట్టుకున్నట్టు అరుస్తోంది. మామయ్య వచ్చి బాగుచేసేదాకా ఎక్కనని పిల్ల మొండికేసింది.

నా పంటి నొప్పి తగ్గిందా అని అడిగావు. దాని గురించి చాలా రాయాలి, కాస్త ఆగు.

బావకి పంపిన పనిముట్ల పెట్టె చేరింది. మీ బావ సంబరం చూడాలి. తెరిచీ తెరవగానే సుత్తి తీసుకుని, అవసరం లేకపోయినా గోడకి ఒక మేకు కొట్టాడు. "చూశావా, మీ తమ్ముడికి నామీద ఎంత ప్రేమో" అని మురిసిపోయాడు. నేను పెట్టెలోకి చూసి అలాగే నిలబడిపోయాను. పిడికి నల్ల టేపు చుట్టిన నీ టెస్టరు ఉంది అందులో. పెళ్ళాన్నైనా వదులుకుంటాను గానీ టెస్టరు వదలను అనేవాడివి, పెళ్ళి ఊసే లేని రోజుల్లో. రెంచీలన్నిటికీ నూనె రాసి, గుడ్డలో చుట్టి, సైజుల ప్రకారం పేర్చావు. పని చేసుకుని బతికేవాడు పనిముట్లు అంత ముద్దుగా సర్ది ఎవరికీ ఇచ్చెయ్యడు. నీకు ఫోన్ చేస్తే ఆఫ్. మళ్ళీ చేస్తే మళ్ళీ ఆఫ్.

"కొత్త పెట్టె కొనుక్కుని ఉంటాడులేవే, ప్రతిదానికీ కంగారే" అన్నాడు మీ బావ. అత్తయ్య వంటింట్లోంచి ఆ మాట విని వచ్చింది. పెట్టెలోకి ఒకసారి, నా ముఖంలోకి ఒకసారి చూసింది. పెట్టె మూసి తన మంచం కిందికి తోసేసి, "ఆ అబ్బాయి వచ్చి తీసుకునేదాకా దీన్ని ముట్టుకున్నవాడి చెయ్యి విరుస్తాను" అంది. మీ బావ మేకు పీకి, సుత్తి తెచ్చి ఆవిడకి అప్పజెప్పాడు. తెల్లారేసరికి నేను మా బేకరీ బ్రెడ్డు వ్యానులో ఉన్నాను. దానికైతే తిరగడానికి పాసు ఉంది. దారంతా బన్నుల ట్రేల మధ్య ఇరుక్కుని వచ్చాను. ఇప్పటికీ ఒళ్ళంతా ఈస్టు వాసనే.

ఇక అసలు విషయం. నీకు లిఫ్టుల పని నేర్పిన మీ మేస్త్రీ చావుకి నువ్వే కారణం అని రాశావు. ఆసుపత్రి లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు నీ ఒక్కడివల్ల కాక ఆయనకి ఫోన్ చేశావని, నువ్వు పిలవకపోతే ఆయన ఇంట్లోనే ఉండేవారని, నీకూ ఆయనకీ జబ్బు కలిసే అంటుకుంటే నువ్వు లేచి తిరుగుతున్నావని. ఆఖరి చూపుకి కూడా నిన్ను రానివ్వలేదని రాసిన చోట సిరా అలుక్కుపోయింది. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. బయల్దేరే ముందు మేస్త్రీ భార్యకి ఫోన్ చేశాను. ఏమంటుందోనని నాకూ భయంగానే ఉంది. ఆవిడ చాలాసేపు ఏడ్చి, తరువాత ఇలా అంది: "ఆ మనిషిని ఎవరైనా ఆపగలరా అమ్మా? లిఫ్టు ఆగిందని తెలిస్తే అన్నం ముందు నుంచి లేచి పోయేవాడు. పైకి వెళ్ళాల్సిన రోగులు మెట్ల దగ్గర మంచాల మీద ఉన్నారట. మీ తమ్ముడు పిలవకపోతే, నన్నెందుకు పిలవలేదురా అని వాడి వీపు చీరేసేవాడు." ఆ తరువాత గొంతు తగ్గించి అడిగింది: "ఆ అబ్బాయి ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. నామీద ఏమైనా కోపమా?"

చూశావా, నువ్వు ఆవిడకి ముఖం చూపించలేనని దాక్కున్నావు. ఆవిడేమో తనేం తప్పు చేసిందోనని అక్కడ కుమిలిపోతోంది.

*

ఈ కాగితం కూడా లాక్కున్నావట. మేడమ్ ఇప్పుడు బాల్కనీకీ నీ గుమ్మానికీ మధ్య పరుగులు పెడుతున్నారు. "ఇంత నడక నా సర్వీసులో ఎప్పుడూ నడవలేదమ్మా" అంటున్నారు. నీకు ఆవిడ కాఫీ కూడా బయట పెట్టారు. తాగినా తాగకపోయినా సరే.

తలుపు పగలగొట్టవద్దని ఎందుకన్నానో చెప్తాను. నువ్వు పనిలో చేరిన కొత్తలో, ఒకరోజు నేను నీకు భోజనం క్యారేజీ పట్టుకుని ఒక ఆఫీసుకి వచ్చాను, గుర్తుందా? లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక పెద్ద ఆఫీసరు తలుపు గుద్దేస్తూ అరుస్తున్నాడు. నువ్వు గాభరాగా రెంచీ పట్టుకుని ముందుకు దూకావు. మేస్త్రీ నీ చేతిలోంచి అది లాక్కుని పక్కన పెట్టి, ఆ తలుపు ముందు తీరిగ్గా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

"సార్, పిల్లలు ఏం చదువుతున్నారు?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. లోపలాయనకి కోపం వచ్చింది. కోపం అయిపోయాక పిల్లల గురించి చెప్పాడు. నువ్వు పైకి వెళ్ళి మిషన్ గదిలో పని చేసుకుంటున్నంతసేపూ మేస్త్రీ నాతో ఒకటి, ఆయనతో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. మధ్యలో ఆయన చప్పుడు ఆగిపోయింది. మేస్త్రీ మాత్రం గొంతు పెంచలేదు. "మాట్లాడక్కర్లేదు సార్. నా మాట వినిపిస్తోంటే తలుపు ఒక్కసారి తట్టండి, చాలు" అన్నారు. కాసేపటికి లోపలినుంచి చిన్నగా తట్టిన చప్పుడు వచ్చింది.

ఆ రోజు అన్నం తింటూ ఆయన నీకు చెప్పింది నేనూ విన్నాను. "ఇరుక్కున్నవాడు కాసేపు ఓపిక పడితే ఏమీ కాదురా. భయం పుట్టి, తలుపు తోసుకుని ఒక్కడే బయటపడాలని చూసినప్పుడే ప్రాణం మీదికి వస్తుంది. పైన పని జరుగుతోందని వాడికి తెలుస్తూ ఉండాలి. అందుకని ముందు మాట, తరువాత పని. మాట మాత్రం ఆపకూడదు."

సైకిలు, బన్నులు, మీ బావ కొట్టిన మేకు, వీటన్నిటి గురించీ ఇంతసేపు ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది.

సరే, ఇక పన్ను.

నాకు పంటి నొప్పి లేదురా. ఎప్పుడూ లేదు.

పోయిన ఏడాది బేకరీ మూసేసినప్పుడు మొదలైంది. పుట్టినరోజులు లేవు, పెళ్ళిళ్ళు లేవు, కేకులు లేవు. మొదట్లో విశ్రాంతి అనుకున్నాను. తరువాత నిద్ర పోయింది. తరువాత ఆకలి. అందరూ ఉన్న ఇంట్లో నేనొక్కదాన్నే గాజు అద్దం వెనకాల ఉన్నట్టు ఉండేది. నేను లేకపోతే వీళ్ళకి ఒక కంచం తగ్గుతుంది, అంతే కదా అనిపించేది. అబద్ధమని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు అదే పచ్చి నిజంలా ఉండేది. ఒక మధ్యాహ్నం నా క్రీము నాజిల్స్ అన్నీ వేడినీళ్ళలో కడిగి, తుడిచి, పక్కింటావిడకి ఇద్దామని డబ్బాలో పేరుస్తున్నాను. గులాబీ పువ్వు వేసేది, అంచు అల్లేది, అన్నీ. నువ్వు రెంచీలు పేర్చినట్టే పేర్చాను. అందుకే నీ పెట్టె చూడగానే పోల్చుకున్నాను. అత్తయ్య కూడా అందుకే పోల్చుకుంది.

ఆ రోజు ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. ఆవిడ నోరు ఎలాంటిదో నీకు తెలుసు, చుట్టూ తిప్పడం రాదు. "ఏంటే, ఇల్లు ఖాళీ చేసేదానిలా సర్దుతున్నావు? చచ్చిపోవాలనుందా?" అని అడిగేసింది.

అంతవరకు నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. "బాగున్నావా" అని అడిగారు, "ధైర్యంగా ఉండు" అన్నారు, "నీకేం తక్కువ" అన్నారు. వాటన్నిటికీ తల ఊపాను. ఈ మాటకి మాత్రం అబద్ధం చెప్పలేకపోయాను. "అవునత్తయ్యా" అన్నాను. ఆవిడ ముఖం పాలిపోయింది. కానీ తిట్టలేదు, శోకాలు పెట్టలేదు, పిల్ల ముఖం చూడమని కూడా అనలేదు. "సరే. నువ్వు పడుకో. నేను ఎక్కడికీ పోను" అంది. నేను మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆవిడ అక్కడే ఉంది, నా నాజిల్స్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

మర్నాడు నన్ను మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గుమ్మం దిగుతుంటే ఎదురింటావిడ "అత్తాకోడళ్ళు ఎక్కడికి?" అని అడిగింది. అంత ధైర్యమున్న మనిషికీ అక్కడ నాలుక తడబడింది. "కోడలికి పన్ను నొప్పి" అనేసింది. అదే మేడ మీద పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు కాబట్టి అబద్ధానికి ఆధారం కూడా దొరికింది. ఆ పన్ను ఇప్పటిదాకా నెలనెలా నొప్పి పుడుతూనే ఉంది. అడిగినవాళ్ళందరి ముందూ నేను బుగ్గ పట్టుకోవాలి. అత్తయ్య నా కూర మెత్తగా మెదిపి పెట్టాలి. మన చిన్న పిన్ని అయితే "అంత ఓపిగ్గా చూసే డాక్టరు ఎవరే" అని అడ్రసు తీసుకుని వెళ్ళి, ఆ పళ్ళ డాక్టరు చేత నిక్షేపంలాంటి పన్ను పీకించుకుని వచ్చింది. మాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇంకోటి విను. ఒకసారి ఆ మనసు డాక్టరు గదిముందు కూర్చుంటే పక్క కుర్చీలో ఒకాయన మాస్కు వేసుకుని, తల దించుకుని ఉన్నాడు. చెప్పులు చూసి పోల్చుకున్నాను. మా బేకరీ ఓనరు. ఆయనా నన్ను చూశాడు. ఇద్దరం కాసేపు గోడ చూశాం.

"పన్ను నొప్పా అమ్మా?" అన్నాడు.

"అవునండీ. మీకు?"

"నాకూ పన్నేనమ్మా."

ఆ రోజు నుంచి ఆయన నన్ను చూసినప్పుడల్లా "పన్ను ఎలా ఉంది?" అంటాడు, మేమిద్దరం పగలబడి నవ్వుకుంటాం. ఈ బ్రెడ్డు వ్యాను ఎందుకు కావాలో చెప్పినప్పుడు ఆయన మారుమాట లేకుండా తాళాలు డ్రైవరు చేతిలో పెట్టాడు.

నీకు కూడా పన్ను అనే చెప్పాను. అక్క అంటే నీకు గట్టి గోడ కదా, ఆ గోడకి బీట పడిందని నీకెందుకు తెలియాలి అనుకున్నాను. అది ఎంత తప్పో నీ ఉత్తరం చదివాక తెలిసింది. నిద్ర పట్టట్లేదు, డాక్టరుకి చూపించుకోవాలి, సెలవు కావాలని నువ్వు మీ సూపర్‌వైజరుని అడిగావు. "పిచ్చి డాక్టరు చీటీ జేబులో ఉందని తెలిస్తే నువ్వు బాగుచేసిన లిఫ్టు ఎవడెక్కుతాడు?" అన్నాడాయన. నవ్వులాటకి అన్నట్టే రాశావు గానీ, వెళ్ళబోతున్నవాడివి అక్కడితో ఆగిపోయావు. ఆ మనిషిని తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది. అప్పుడు నీకు తెలిసినవాళ్ళలో ఒక్కరైనా, నేను వెళ్ళాను, మందులు వేసుకున్నాను, మళ్ళీ కేకుల మీద పేర్లు రాస్తున్నాను అని చెప్పి ఉంటే ఆ మాటని నువ్వు దులిపేసుకునేవాడివి. ఆ ఒక్క మనిషీ నీ అక్కే, బుగ్గ పట్టుకుని కూర్చుంది.

ఒక్క మాత్రకే తగ్గిపోయిందని చెప్పను. కొన్నాళ్ళు నోరు ఎండిపోయేది. కొన్నాళ్ళు డాక్టరు దగ్గర ఏడవడం తప్ప ఏమీ చెయ్యలేదు. కానీ ఒకరోజు కాఫీ తాగుతుంటే చాలా కాలానికి రుచి తెలిసింది. "అత్తయ్యా, పంచదార ఎక్కువైంది" అన్నాను. ఆవిడ నన్ను పట్టుకుని భోరున ఏడ్చింది.

ఇప్పుడు నేను నిన్ను అడుగుతున్నాను, అత్తయ్య నన్ను అడిగినట్టే. తమ్ముడూ, చచ్చిపోవాలని ఉందా? ఉంటే ఉందని నాకు చెప్పచ్చు. నేను తిట్టను, ఎవరి ముందూ సిగ్గుపడను, పన్ను అని కూడా అనను. నా డాక్టరమ్మకి ఉదయమే చెప్పాను. నీతో ఫోన్‌లో మాట్లాడతానని సాయంత్రం ఖాళీ పెట్టుకున్నారు. మేస్త్రీ లేని బాధ ఉంటుంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. దాంతోపాటు వచ్చిన ఈ చీకటి మాత్రం జబ్బు, దానికి మందు ఉంది. నువ్వు ఇరుక్కున్నావు, అంతే. పైన పని జరుగుతోంది.

జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు. వినిపిస్తోంటే తలుపు ఒక్కసారి తట్టు, చాలు.

*

కాగితం లోపలికి వెళ్ళిందట. మేడమ్ తలుపుకి చెవి ఆనించి కూర్చున్నారు. నేను రాస్తూనే ఉంటాను. మేస్త్రీ మాట ప్రకారం మాట ఆపకూడదు. అందుకే నువ్వు తట్టేదాకా కింద ఇట్లు అని రాయను, కాగితాలు అయిపోతే బ్రెడ్డు కవర్ల మీద రాస్తాను.

ఇక్కడ ఎండ కుర్చీ మీదికి వచ్చింది. వాచ్‌మన్ గొడుగు తెచ్చి ఇచ్చాడు. వీధి చివర ఒకావిడ డాబా మీద బట్టలు ఆరేస్తోంది, ఆరేసిన చొక్కానే మళ్ళీ తీసి ఆరేస్తోంది, నన్ను చూడటానికి. మెట్ల కింద ఒక పిల్లి లిఫ్టు తలుపు ముందు పడుకుంది, ఎప్పుడో ఒకప్పుడు తెరుచుకుంటుందని నమ్మకం కాబోలు. పిల్ల నీకోసం ఒక బొమ్మ గీసి ఇచ్చింది. అందులో నువ్వు లిఫ్టు కంటే పొడుగ్గా ఉన్నావు. వచ్చాక చూపిస్తాను. మేడమ్ బాల్కనీలోకి వచ్చి, ఇంకా లేదన్నట్టు తల అడ్డంగా ఊపి వెళ్ళారు. ఫరవాలేదు. నాకు వేరే పని లేదు. నర్సు బయల్దేరిందని ఇప్పుడే ఫోన్ వచ్చింది. మీ బావ కూడా ఫోన్ చేశాడు, ఆ మేకు కన్నం సిమెంటుతో పూడ్చానని చెప్పి పెట్టేశాడు. ఇంకా ఏం రాయాలి? నువ్వు పుట్టినప్పుడు నేను

తమ్ముడూ!

మేడమ్ బాల్కనీలోకి పరుగెత్తుకొచ్చారు. చెప్పులు కూడా లేవు ఆవిడ కాళ్ళకి. లెక్కల మేడమ్ లెక్క తప్పారు. "ఒక్కసారి కాదమ్మా! కొడుతూనే ఉన్నాడు! ఆపట్లేదు!" అని ఏడుస్తూ అరుస్తున్నారు.

విన్నాను నాన్నా, విన్నాను. నేనూ ఇక్కడ గేటు కొడుతున్నాను, వాచ్‌మన్ వద్దంటున్నా సరే. వీధి మలుపులో నర్సు వస్తున్న తెల్ల వ్యాను కనిపిస్తోంది. నువ్వేమీ చెయ్యొద్దు. లోపలి గడియ ఒక్కటి తీసి, తలుపు పక్కనే కూర్చో. మెట్లెక్కి మేం వస్తున్నాం.

ఇట్లు,
పన్ను నొప్పి ఏనాడూ లేని
నీ అక్క